పడమటి వైపు అద్దాల గది

"చెయ్యి ఇలా పలక మీద పెట్టండి బావగారూ" అంది ఆమె. రోజూ ముక్కూమొహం తెలియనివాళ్లతో అనే మాటే అయినా తన గొంతు తనకే వింతగా వినిపించింది. ఆయన పెట్టలేకపోయాడు. మోచేతికీ మణికట్టుకీ మధ్య చెయ్యి వాచిపోయి, వంకర తిరిగి, తనది కానట్టు ఒళ్లో పడి ఉంది. ఆమె రెండు చేతులతో దాన్ని ఎత్తింది. ఇందాక అల్యూమినియం కడ్డీ పెట్టి ఆ చేతిని విరగ్గొట్టింది ఆమే. ఇప్పుడు ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో, నిద్రపోతున్న పసిబిడ్డను పక్క మీద పడుకోబెట్టినంత జాగ్రత్తగా దాన్ని పలక మీద పరిచి, వేళ్లు ఒక్కొక్కటీ చాపి, "కదలకండి" అంది. ఆయన పళ్లు బిగబట్టి మూలిగాడు. ఆ మూలుగు వినగానే ఆమె లోపల ఏదో తియ్యగా కదిలింది. దానికి ఆమెకే భయం వేసింది.

ఆదివారం. ఆమెతో పాటు పనిచేసే రెండో టెక్నీషియను సెలవు. "ఇంకెవరూ లేరు, నువ్వే తీసెయ్, మీవాళ్లే కదా" అంది డ్యూటీ డాక్టరమ్మ, పాపం ఏమీ తెలియక. మీవాళ్లే. భర్తకు సొంత అన్న. తండ్రి స్థలాన్ని చెరిసగం పంచుకుని పక్కపక్కనే ఇళ్లు కట్టుకున్నవాళ్లు, మధ్యలో సన్నటి దొడ్డి, దొడ్డి మధ్యలో నడుమెత్తు గోడ. ఎలా జరిగిందని డాక్టరమ్మ అడిగితే భర్త గుక్క తిప్పుకోకుండా "అద్దాల మీద కాలు జారిందండీ" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లో ఎన్నాళ్లనుంచో సిద్ధంగా ఉన్నట్టు అంత నున్నగా వచ్చింది. ఆమె సీసపు తెర వెనక్కి వెళ్లి మీట నొక్కింది. యంత్రం గుర్రుమని ఊరుకుంది. తెర మీద ఎముకలు తేలాయి. చిటికెనవేలి వైపు ఎముక సరిగ్గా నడిమికి, చెరుకుగడ విరిచినట్టు విరిగి ఉంది. రెండోది చెక్కుచెదరలేదు. చూడకముందే ఆమెకు తెలుసు. ఇదే బొమ్మ, ఇదే గదిలో, ఇదే తెర మీద, పోయిన వానాకాలంలో ఆమె చూసింది. అప్పుడా చెయ్యి సన్నగా ఉంది, గాజులు తీయించాల్సి వచ్చింది. అది అక్క చెయ్యి. ఈయన భార్య, తన తోడికోడలు. "బాత్రూంలో జారానే" అంది అక్క, పైకప్పు వంక చూస్తూ. జారిపడ్డవాళ్లు అరచెయ్యి నేలకి ఆనిస్తారు, మణికట్టు విరుగుతుంది. ఈ ఎముక ఇక్కడ ఇలా విరగాలంటే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి, ఆ చేతి మీద దెబ్బ పడాలి. ఎంతమంది ఆడవాళ్లు వచ్చారో ఈ గదిలోకి ఈ ఎముక పట్టుకుని. మెట్ల మీదనుంచి, మంచం మీదనుంచి, స్టూలు మీదనుంచి పడ్డవాళ్లు. ఈ ఊళ్లో ఆడవాళ్లకు నేలంటే పడదు కాబోలు అని నవ్వేవాడు రెండో టెక్నీషియను. ఆమె కూడా నవ్వేది. ఆవేళ అక్క చేతిని పలక మీద సర్దుతున్నప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

ఎవరు నమ్ముతారు? బావగారు డ్రైవింగు స్కూలు నడుపుతాడు. ఊళ్లో సగంమంది ఆయన పక్కన కూర్చుని స్టీరింగు పట్టుకున్నవాళ్లే. నేర్చుకునేవాడు ఎంత తప్పు తొక్కినా ఆయన గొంతు పెరగదు, తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు మెత్తగా నొక్కి, "కంగారు పడకు నాన్నా, మళ్లీ మొదలుపెడదాం" అంటాడు. బ్రేకు మాష్టారు అని ముద్దుపేరు. ఆ మాష్టారింట్లో సాయంత్రాలు ముందుగా వంటింటి కిటికీ రెక్కలు పడేవి. తర్వాత రేడియో గట్టిగా మోగేది. పాటల మధ్యలో, పాటకు సంబంధం లేకుండా, గోడకు బియ్యం మూట ఆనించినట్టు ఒక చప్పుడు. ఇంకోటి. ఆమె కూర తరుగుతూ కత్తి ఆపి వినేది. ముందుగదిలో భర్త, రోజంతా ఫ్రిజ్‌లు బాగుచేసి అలిసిపోయిన మనిషి, చెడ్డవాడు కాడు, చీమను కూడా తొక్కడు, టీవీ శబ్దం పెంచేవాడు. ఆ పెంచడంలోనే తెలిసేది ఆయనకూ వినపడిందని. "వాళ్ల సంసారం వాళ్లది, మనకెందుకు చెప్పు" అనేవాడు, ఆమె ఏమీ అడక్కుండానే. అటు వైపు గోడకు కిటికీ లేదు. కట్టినప్పుడు పడమటి ఎండ వద్దని పెట్టించలేదు. ఆమె ఆ మొండిగోడకు చెవి పెట్టి నిలబడేది. వినడమేగానీ చూడటం లేదు. విన్నదాన్ని ఎవరికి చెప్పినా పాటేమో అంటారు.

అద్దాల గది ఆలోచన ఆ గోడలోనుంచే పుట్టింది. భర్తతో మాత్రం ఎండ అంది. పొద్దస్తమానం కిటికీలేని గదిలో ఎముకలు చూసి చూసి కళ్లు పోతున్నాయి, ఒక్క గదంతా వెలుతురు కావాలి, నా సంపాదనే పెడతాను. ఆయన సంబరపడ్డాడు కూడా. కంట్రాక్టరు వచ్చాడు, చెవిలో పెన్సిలు, నోటినిండా మాటలు. ఇంటిచుట్టూ తిరిగి తూర్పు వైపు నిలబడి చేతులు దులుపుకున్నాడు. "ఇక్కడ కట్టుకోండమ్మా, హాయిగా పోతుంది. వరండా ఉంది, అంటే పునాదీ నేలా ఉన్నట్టే. తలుపుంది, గోడ పగలగొట్టక్కర్లేదు. కరెంటు పక్కనే ఉంది. పొద్దుటి ఎండ పాలలాంటిది, మామూలు అద్దం చాలు." ఆమె పడమటి వైపు చూపించింది. ఆయన దొడ్డిలోకి వచ్చి, నేల మీద కాలితో తట్టి, మొహం ముడుచుకున్నాడు. "ఇక్కడ పునాది కొత్తగా తియ్యాలి. తియ్యబోతే మీ బావగారి వంటింటి తూము మీ నేల కిందనుంచే పోతోంది, దాన్ని పక్కకి మళ్లించాలి, అదో తవ్వకం. ఈ గోడ ఇంటి బరువు మోసే గోడ, తలుపు పెట్టాలంటే పైన దూలం వెయ్యాలి. సాయంత్రం ఎండ నేరుగా కొడుతుంది, మామూలు అద్దమైతే లోపల కూర్చున్నవాళ్లు అప్పడాల్లా వేగిపోతారు, వేడి ఆపే అద్దం వెయ్యాలి, దాని ధర వేరు. పైకప్పు కూడా అద్దమే అంటారా, ఇక చెప్పక్కర్లేదు. హద్దుకి దగ్గర కాబట్టి మునిసిపాలిటీ వాళ్లు పక్కింటివాళ్ల ఒప్పుదల అడుగుతారు. అదే గది, అదే కొలత, వైపు మారితే ఖర్చు రెండింతలు దాటిపోతుంది తల్లీ. దేనికోసం?" భర్త కూడా అదే అన్నాడు, ఎండకోసమైతే తూర్పు ఎండే ఆరోగ్యం కదా అని. "పొద్దున నేను ఇంట్లో ఉండను. సాయంత్రం ఎండే నాకు దక్కేది" అంది ఆమె. అబద్ధం కాదు. సాయంత్రాలే ఆమెకు కావలసింది.

అలా ఖర్చు ఒక్కో మాటకీ పెరుగుతూ పోయింది, ఆమె ఒక్కో మాటకీ తలూపుతూ పోయింది. పైకప్పు మాత్రం రేకు చాలంది, ఆకాశంలో చూడాల్సిందేమీ లేదు. చట్రాలు చెక్కవా అల్యూమినియమా అంటే సన్నగా ఉండేవి, చూపుకి అడ్డం రానివి అంది. కంట్రాక్టరు ఆఖర్న అద్దాల దగ్గరికి వచ్చి ఆశగా చెప్పాడు. "రెండు పొరల అద్దం వేయించుకోండమ్మా. ఎలాగూ ఇంత పెడుతున్నారు. రెంటి మధ్య గాలి ఉంటుంది, వేడి రాదు, బయటి చప్పుడు ఒక్కటి లోపలికి రాదు." ఆమె చప్పున అంది, "వద్దు. చప్పుడు రావాలి." ఆయన చెవిలో పెన్సిలు తీసి మళ్లీ చెవిలోనే పెట్టుకున్నాడు. ఎండకి డబ్బు పోసేవాళ్లని చూశాడు, చప్పుడు కావాలనేవాళ్లని ఎక్కడా చూడలేదు. ఆయనకెలా చెప్పడం, నాకు గది అక్కర్లేదయ్యా, ఒక పెద్ద కన్ను కావాలి, దానికో చెవి కూడా కావాలి అని. ఒప్పుదల కాగితం మీద బావగారు నవ్వుతూ సంతకం పెట్టాడు. "ఎండగదా? మంచిదే అమ్మాయ్, ఎముకలకి బలం" అన్నాడు. వెనక అక్క టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి టకటకలాడుతున్నాయి, ఆ విరిగి అతికిన చెయ్యి ఎప్పుడూ కొద్దిగా వణుకుతుంది.

చట్రాలు నిలబెట్టిన రోజునుంచే ఆమె అక్కడ కుర్చీ వేసుకుంది. అద్దాలు ఇంకా రాలేదు, గోడ పగిలిన చోట ఇటుకల పళ్లు బయటికి కనిపిస్తున్నాయి, నేల ఇంకా తడి. అయినా ఆసుపత్రినుంచి రాగానే కాళ్లు కడుక్కుని ఆ బోసి చట్రాల మధ్య కూర్చునేది, బావగారి వంటింటి కిటికీకి ఎదురుగా. మొదటి సాయంత్రం బావగారు కిటికీ వెయ్యబోయి ఆమెను చూశాడు. చెయ్యి రెక్క మీదే ఆగిపోయింది. ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు. కిటికీ తెరిచే ఉంచాడు. రేడియో మోగలేదు. ఆ మర్నాడూ మోగలేదు. అక్క అంట్లు తోముతూ ఒకసారి తలెత్తి ఇటు చూసి, వెంటనే దించుకుంది, కానీ ఆ చూపులో ఆమెకు కృతజ్ఞతలాంటిది కనిపించింది. లేక తనే కనిపించిందనుకుందా? ఇప్పుడు ఎంత తలుచుకున్నా ఆ చూపు నిలకడగా దొరకడం లేదు, ఒకసారి కృతజ్ఞతలా ఉంటుంది, ఒకసారి బెదిరిన మేకలా ఉంటుంది. కనిపించే చోట ఆపుకున్నదంతా ఇంకెక్కడో, పడకగదిలోనో, కారులోనో, తీర్చుకున్నాడేమో ఆయన. కూర్చుని కాపలా కాస్తున్నానని మురిసిపోయింది తను.

ఈ పొద్దున అద్దాలు వచ్చాయి. లేత ఆకుపచ్చ రంగు, మనిషెత్తు పలకలు. పనివాళ్లు వాటిని గోడకి ఒరిగించి, దుప్పట్లు తీసి, కొలతలు సరిచూసుకుంటున్నారు. బావగారు నడుమెత్తు గోడ దాటి వచ్చాడు. ఉతికిన చొక్కా, చేతిలో కారు చక్రాల నట్లు విప్పే పానా. మొదటి అద్దం మూలన మెత్తగా కొట్టాడు, గుడ్డు పగలగొట్టినట్టు. అంత పెద్ద పలకా ఒక్కసారిగా పంచదార కుమ్మరించినట్టు కిందికి రాలిపోయింది. "నీ ఇల్లు నువ్వు చూసుకో అమ్మాయ్" అన్నాడు, డ్రైవింగు నేర్పే గొంతుతోనే. రెండోది. "పక్కింటి వంక చూడకూడదు, రోడ్డు మీద చూపుండాలి." మూడోది. పనివాళ్లు నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. భర్త "అన్నయ్యా, అన్నయ్యా" అంటూ చేతులు నలుపుకుంటున్నాడు. ఆమెకింకా కోపం రాలేదు, రాలుతున్న గాజు ఎండలో ఎంత అందంగా ఉందో చూస్తోంది, పిచ్చిదానిలా. అప్పుడు అక్క పరిగెత్తుకొచ్చింది. చెప్పులు లేవు. గాజు మీద నడుచుకుంటూ వచ్చి "వద్దండీ, నలుగురూ చూస్తున్నారు" అని ఆయన చొక్కా పట్టుకుంది. ఆయన వెనక్కి తిరిగి, పానా ఎడంచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో అక్క చెంప మీద కొట్టాడు. అందరి ముందూ. పట్టపగలు, అంత ఎండలో. అక్క మోకాళ్ల మీద పడింది, గాజులో. ఎవరూ కదల్లేదు. ఆమె అప్పుడు గ్రహించింది: చూస్తే ఆగిపోతుందనుకుంది ఇన్నాళ్లూ. చూస్తున్నారు. అందరూ కళ్లింత చేసుకుని చూస్తున్నారు. ఆయన మళ్లీ చెయ్యెత్తాడు.

చట్రాలకి కోయగా మిగిలిన కడ్డీ ఒకటి కాలి దగ్గర పడి ఉంది. దాన్ని ఎప్పుడు తీసిందో గుర్తులేదు. బరువు గుర్తుంది, చేతికి చల్లగా తగలడం గుర్తుంది. గాలిలో వస్తున్నది చూసి ఆయన మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, అచ్చం వాళ్లందరూ పెట్టుకున్నట్టే. టప్పుమంది. ఆ చప్పుడు ఆమెకు చేతుల్లోంచి దవడల దాకా పాకింది. ఆయన పడ్డాడు, పానా ఎగిరి దూరంగా పడింది. అక్కడితో ఆగాలి. మొదటి దెబ్బ అక్కకోసం, అది ఎవరినడిగినా ఒప్పుకుంటారు. పడిపోయిన మనిషి భుజం మీద రెండో దెబ్బ ఎవరికోసం? అది కొట్టినప్పుడు ఆమెకు హాయిగా ఉంది. ఎండాకాలం చన్నీళ్లు తల మీద పోసుకున్నంత హాయి. నోట్లోనుంచి ఏదో కేక వచ్చింది, మాట కాదు. ఇంకా కావాలనిపించింది. మూడోసారి ఎత్తింది, ఈసారి తలకి. అప్పుడు అక్క ఆయన మీద పడి కప్పేసింది. నెత్తురోడుతున్న మోకాళ్లతో పాకుతూ వచ్చి, రెండు చేతులూ చాపి, ఆయన తలని తన కడుపు కింద దాచుకుంది. కడ్డీ కింద ఇప్పుడు అక్క వీపు ఉంది, చీర మడతల మధ్య వెన్నుపూసలు కనిపిస్తున్నాయి. కడ్డీ దిగింది. అక్క చెవి పక్కన గాజులో గుచ్చుకుంది. తనే పక్కకి తిప్పిందా, గురి తప్పిందా? ఆసుపత్రికి వచ్చేదాకా ఆటోలో తనను తాను అదే అడుగుతూ వచ్చింది. చేతులని అడిగింది. చేతులకీ తెలియదు. తిప్పాననే అనుకోవాలి. అలా అనుకోకపోతే బతకడం ఎలా?

"అమ్మాయ్" అన్నాడు ఆయన పలక మీదనుంచి. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నా గొంతు అదే. "జారిపడ్డాననే రాయించు."

"ఎందుకు?"

"మరదలి చేతిలో తన్నులు తిన్నానని ఊరంతా చాటుకోమంటావా? రేపు బండి నేర్చుకోడానికి ఎవడొస్తాడు? నీక్కూడా మంచిదే. నీ ఉద్యోగం, నీ మొగుడు, నీ పరువు. ఇంటి సంగతి ఇంట్లోనే సర్దుకుందాం. అద్దాలు నేనే వేయిస్తాలే."

"అక్క సంగతి?"

"అక్కకేమైంది?" అన్నాడు. నటన లేదు. నిజంగానే అడిగాడు.

పక్కనుంచి ఇంకో బొమ్మ తియ్యాలి. దానికి చెయ్యి తిప్పాలి. ఎంతవరకు తిప్పాలో, నొప్పి ఎక్కడ మొదలవుతుందో ఆమెకు బాగా తెలుసు. ఆమె మణికట్టు పట్టుకుని తిప్పింది. చాలినంత తిప్పాక కూడా ఆపలేదు. లోపల విరిగిన కొసలు ఒకదాన్నొకటి రాసుకోవడం వేళ్లకి తెలిసింది. బావగారు పొలికేక పెట్టాడు. ఆమె ఆయన కళ్లలోకి చూస్తూ ఇంకాస్త తిప్పింది. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆయనకి. "వద్దు... అమ్మా... వద్దు" అన్నాడు, ఆ మాట రోజూ వినేవాడు, మొదటిసారి అంటున్నాడు. అప్పుడు ఆమె గది చుట్టూ చూసింది. తలుపు వేసి ఉంది, లోపలనుంచి గడియ. కిటికీ లేదు. యంత్రం గుర్రుగుర్రుమంటూ ఉంది. బయటివాళ్లకి కేక వినిపించినా, ఎముక విరిగినవాడు అరవడా అనుకుంటారు. ఎంతసేపైనా తిప్పొచ్చు. రేపూ తిప్పొచ్చు. ఎవరూ రారు. అంత సులువు. ఇంత సులువుగా ఉంటుందని తెలియదు ఆమెకు. చేతిని వదిలేసింది, కాలినట్టు వదిలేసింది. తర్వాత మెల్లిగా, చాలా మెల్లిగా దాన్ని దిండు మీద పెట్టింది. వెళ్లి గడియ తీసి, తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

వరండాలో ఎండ కళ్లలో పడింది. డాక్టరమ్మ, ఆసుపత్రి గేటు దగ్గరుండే కానిస్టేబులు, భర్త నిలబడి ఉన్నారు. అక్క బల్ల మీద కూర్చుని ఉంది, మోకాళ్లకి కట్లు, చెంప మీద వేళ్ల అచ్చులు ఉబ్బి ఉన్నాయి. "నేనే కొట్టాను. కడ్డీతో. పడిపోయాక కూడా కొట్టాను" అంది ఆమె.

"దానికి మతి పోయిందండీ, నెత్తురు చూసి" అన్నాడు భర్త గబగబా. "జారిపడ్డాడు. నేను పక్కనే ఉన్నాను." లోపలనుంచి బావగారు కూడా కేకేశాడు, జారానయ్యా, నేనే జారాను అని.

కానిస్టేబులు ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. దెబ్బ తిన్నవాడు తినలేదంటాడు, కొట్టినావిడ కొట్టానంటుంది, ఇలాంటిది ఆయన ఉద్యోగంలో తగల్లేదు. చివరికి అక్క వైపు తిరిగాడు. "నువ్వు అక్కడే ఉన్నావు కదమ్మా. నువ్వు చెప్పు. ఎవరు కొట్టారు?"

అక్క ఆమె వంక చూడలేదు, మరిది వంక చూడలేదు. చెయ్యి ఒళ్లో వణుకుతుంటే రెండో చేత్తో పట్టుకుంది. భర్త "వదినా" అన్నాడు, బతిమాలుతున్నట్టు. మొగుడికి అడ్డం పడి కాపాడుకున్న అక్క ఏం చెబుతుందోనని, ఆమె తల దించుకుని నిలబడింది. ఏం చెప్పినా సరేననుకుంది. నా మీద చెప్పినా సరే.

"ఇవాళ్టిది మా చెల్లే కొట్టింది" అంది అక్క. "నన్ను కూడా కొట్టేదే, కొద్దిలో తప్పింది. ఉన్నమాట చెప్తున్నాను. కానీ ఇవాళ్టిది ఒక్కటే రాసుకుంటానంటే నేను చెప్పను. మొదటినుంచి రాసుకుంటానంటే చెప్తాను."

"మొదటినుంచి అంటే?"

"కూర్చోండి బాబూ. నిలబడితే కాళ్లు లాగుతాయి, చాలాసేపు పడుతుంది."

లోపలనుంచి బావగారు పిలిచాడు. "ఇదిగో, ఒకసారి ఇటు రా." ఎప్పటిలాగే మెత్తగా, కంగారు లేకుండా. అక్క ఒళ్లు ఆ పిలుపుకి తనంతట తనే సగం లేచింది. బల్ల అంచు పట్టుకుని, లేచిన మనిషి అలాగే కాసేపు ఉండి, మళ్లీ కూర్చుంది. ఆమె వెళ్లి అక్క పక్కన, తగలకుండా కాస్త ఎడంగా, తన వంతు కోసం కూర్చుంది. కానిస్టేబులు కుర్చీ లాక్కున్నాడు. లోపల గొంతు మళ్లీ పిలిచింది, ఈసారి కొద్దిగా పెద్దగా.

"మాకు పెళ్లైన కొత్తలో" అని మొదలుపెట్టింది అక్క.